తప్పు మేస్త్రిగారిది కాదు

మేస్త్రిగారు పోయారు. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, రేపల్లె నుంచి వచ్చే మా లెక్కల మాస్టారు స్టాఫ్ రూమ్‌లో సంచి పెడుతూ చెప్పారు. "మీ కారు చూసేవాడే, తెనాలి మేస్త్రి, నిన్న పోయాడంటండి. గుండెపోటంట." నేను హాజరుపట్టీ తీసుకుని క్లాసుకు వెళ్లాను. పేర్లు పిలిచాను గానీ ఎవరు పలికారో, ఎవరు పలకలేదో తెలియలేదు.

బాపట్లలో ఆయన చేత కార్లు బాగు చేయించుకున్నవాళ్లు, తర్వాత మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది మీ కోసమే రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మా ఆయన తెనాలిలో ఒక పాత కారు కొన్నారు. ఆయన బాపట్లలో ప్లీడరు. నేను పిట్టలవానిపాలెం బడిలో టీచర్ని. ఆయనకు కోర్టు నడిచి వెళ్లేంత దూరమే గనక కారు నేను తీసుకెళ్తానని పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. "కారుకి ఏమన్నా అయిందో, తాళాలు నాకిచ్చేసి బస్సెక్కాలి" అన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఆ రోడ్డు మీద కారు నడిపే ఆడమనిషి అప్పట్లో నేనొక్కదాన్నే. బండ్లు తోలేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు.

మేస్త్రిగారు మాత్రం వింతగా చూడలేదు. క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతోందని తెనాలి షెడ్డుకు తీసుకెళ్తే నన్నే సీట్లో కూర్చోమన్నారు.

"వరసగా నాలుగుసార్లు తొక్కండమ్మా. గట్టిపడిందా?"

"పడిందండి."

"అయితే గొట్టంలోకి గాలి చేరింది."

ఆయన కారు కింద పడుకున్నారు. నేను పెడల్ తొక్కి పట్టుకుంటే ఆయన కింద చిన్న నట్టు వదులు చేసేవారు. బుడగలతో ఆయిల్ బయటికొచ్చేది. ఆయన నట్టు బిగించాకే నేను కాలు తియ్యాలి. అలా పది పన్నెండు సార్లు. ఒకసారి తొందరపడి ముందే కాలు తీశాను. ఆయన విసుక్కోలేదు. "గాలి మళ్లీ లోపలికి పోయిందమ్మా, మొదటినుంచి చేద్దాం" అన్నారంతే. ఆ మాటల్లోనే మా ఆయన పెట్టిన తాళాల షరతు కూడా చెప్పాను.

ఆయనకో పద్ధతి ఉండేది. ముందు చూడాలి, తర్వాత తడమాలి, అప్పటికీ తెలియకపోతేనే విప్పాలి అనేవారు. క్లచ్‌కి ఆయిల్ అందించే చిన్న డబ్బా మూత తీసేముందు గుడ్డతో శుభ్రంగా తుడిచేవారు, లోపల ధూళి పడకుండా. ఆ రోజు ఆ డబ్బా చూపించి నాకు రెండుసార్లు చెప్పారు: "ఇందులో బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకోటి పొయ్యకండి. ఇంజిన్ ఆయిల్ పడితే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి."

రెండేళ్లు పోయాక, ఒక పొద్దున బడికి వెళ్తుంటే పెడల్ మళ్లీ మెత్తబడింది. మూత తీసి చూస్తే ఆయిల్ తగ్గింది. ప్రార్థనకు టైమైపోతోంది. పక్కన సైకిల్ షాపులో ఇంజిన్ ఆయిలే ఉంది. ఆయన మాట గుర్తుంది. కొంచెమే కదా అనుకుని పోశాను.

తర్వాతి నెలలో కొల్లూరులో మా అత్తగారి తమ్ముడికి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చింది. మా ఆయన కారు నడుపుతున్నారు, వెనక సీట్లో అత్తగారూ నేనూ. తెనాలిలోకి వచ్చేసరికి తొక్కిన పెడల్ పైకి రాలేదు, గేరు పడలేదు. అత్తగారు ఒక్కరే బస్సెక్కి వెళ్లారు. ఆవిడ చేరేసరికి పాడె లేచిపోయింది. తమ్ముడి ముఖం చూడలేకపోయారు.

కారుని షెడ్డు దాకా తోయించాం. మేస్త్రిగారు విప్పారు. రబ్బర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఆయిల్ రెండు వేళ్ల మధ్య రాసి వాసన చూశారు.

"ఈ మధ్య ఇందులో ఎవరన్నా ఆయిల్ పోశారా అండి?"

"నీ చేతకానితనం మా మీదికి నెడతావేంటి? ఈ కారు చూసేది నువ్వేగా!" అని మా ఆయన అరిచారు.

మేస్త్రిగారు నావైపు చూశారు. కొంచెంసేపే. నేను నేల చూశాను.

"నాదే పొరపాటండి" అన్నారాయన.

మా ఆయన కొల్లూరు బస్సు కోసం వెళ్లాక "మేస్త్రిగారూ..." అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "చెబితే తాళాలు లాక్కుంటారు కదమ్మా. నడుపుకోండి. ఇంకోసారి మాత్రం పొయ్యకండి."

మా ఆయన ఊరుకోలేదు. కోర్టులో, క్లబ్బులో, కనపడిన ప్రతివాళ్లకీ చెప్పారు. ప్లీడర్ల కార్లు, డాక్టర్ల కార్లు ఆ షెడ్డుకు వెళ్లడం మానేశాయి. ఏడాది తిరక్కుండా షెడ్డు మూసి ఆయన రేపల్లెలో వేరేవాళ్ల దగ్గర పనికి కుదిరారు. ఒకసారి అక్కడ రోడ్డు మీద కనపడి "బాగున్నారా అమ్మా, క్లచ్ బాగుందా?" అని అడిగారు. బాగుందని చెప్పి కారు పోనిచ్చాను. ఇన్నేళ్లూ ఆ కారులోనే బడికి వెళ్లాను.

ఆయన పోయారని తెలిసిన సోమవారం సాయంత్రమే మా ఆయనకు అంతా చెప్పాను. ఎందుకు దాచావన్నారు. తాళాలు తీసుకుంటారని, అన్నాను. "తీసుకునేవాణ్ణే" అని పేపరు ఎత్తుకున్నారు.

పెద్దకర్మ అయ్యాక రేపల్లె వెళ్లాను. మేస్త్రిగారి భార్య చాప వేసి కూర్చోబెట్టి కాఫీ తెచ్చింది. "బాపట్ల రోడ్డు మీద కారు నడిపే టీచరుగారు మీరేనా అమ్మా? మీకు పని నేర్పానని చెప్పుకునేవారు" అంది. ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది. లేచి, నా చేతిలో ఇంకా తాగని కాఫీ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. పారబోసిన చప్పుడు వినపడింది. తర్వాత చాలాసేపు గ్లాసు తోముతున్న చప్పుడు.