బొంతల మూటకు కట్టిన చీర

నాకు ట్రంకుపెట్టె అంటే పడదు. ఎంత దూరం పోయినా గుడ్డలో మూట కట్టుకునే పోతాను. పెట్టె సర్దేవాళ్లు పైన మంచి చీర పరిచి, కింద చిరిగినవి కుక్కుతారు. మూటకు ఆ వేషాలు రావు. ముడి విప్పితే ఉన్నదంతా కళ్లముందే ఉంటుంది. మా బాపు నేతపని చేసేవాడు. చీరలను దుప్పటిలో పేర్చి, ఎదురెదురు కొసలు లాగి ఆయన వేసే ముడి మంథని సంత దాకా వదులయ్యేది కాదు. మడత చెదిరేది కాదు. ఆ ముడి నాకూ నేర్పాడు.

ప్రయాణంలో తిండంటే నాకు జొన్నరొట్టే. నడుమ ఎల్లిపాయ కారం రాసి, పక్కన ఉల్లిగడ్డ పెట్టుకుంటే చాలు. పూరీలు వేడిమీద బాగానే ఉంటాయి గాని రైలెక్కేసరికి తోలయిపోతాయి. వాటితో ఆలుగడ్డ కూర పట్టుకొచ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. మధ్యాహ్నానికి ఆ కూర వాసన వస్తుంది, వాళ్లు ఆ సంగతి ఒప్పుకోరు.

బట్టల సంగతికి వస్తే, కొత్త నేతచీర గంజివాసన నాకు ఇష్టం. మొదట ఒంటికి గరుగ్గా ఉంటుంది, ఉతికేకొద్దీ మన మాట వింటుంది. నైలాన్ చీర కట్టిన ఆడవాళ్లు పొయ్యి ముందు కూర్చుంటే నాకు భయం వేసేది. మా యారాలు కూర్చుంటే మాత్రం వేసేది కాదు.

ఈ ఇష్టాలన్నీ పుట్టుకతో వచ్చినవని చాలాకాలం అనుకున్నాను. కాదు. సగం ఇష్టాలు ఆమె మీద కోపంతో పెంచుకున్నవే.

యారాలంటే మా ఆయన అన్న భార్య. అన్నదమ్ములిద్దరూ బొగ్గుబాయి కొలువులోనే ఉండేవారు. మా బావ ఆఫీసులో కుర్చీ మీద, మా ఆయన బాయి లోపల. రెండిళ్లూ ఒకే వరుసలో ఉండేవి, నడుమ ఒక్క గోడ. ఆమె హైదరాబాదు పిల్ల. వాళ్ల తాత కూడా మగ్గం మీద బతికినవాడే. వాళ్ల నాయన దఫ్తర్‌లో గుమాస్తా అయ్యేసరికి ఇల్లంతా మగ్గం సంగతే మరిచిపోయింది. మా ఇంట్లో నూలు మాట వస్తే చాలు, ఏదో కంపు కొట్టినట్టు ముక్కు చిట్లించేది. మాకు ఇళ్లల్లో జొన్నరవ్వతో గట్క వండుకోవడం అలవాటు. ఆమె నా గిన్నె మూత ఎత్తి చూసి "గిది తిని బాయిల పని జేస్తడా మరిది?" అని అడిగేది. ఆ మరిది చేసిన పనికే కదా ఊరంతా పొయ్యి వెలిగేది!

మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు ఒడిలో పోసి, కొత్త చీర పెట్టి, మెట్టినింటికి పంపుతారు. నీ వెనక మేమున్నామని నలుగురికి చెప్పడం అది. నన్ను కన్న అవ్వ, బాపు మొదటిసారి ఒడి నింపినప్పుడు పెట్టిన చీర బాపు తన చేత్తో నేసిందే. ముదురు ఆకుపచ్చ, ఎర్ర అంచు. అమ్మకానికి నేసినవాటికంటే పోగు దగ్గరగా వేసి, గట్టిగా నేశాడు. "నువ్వు ముసలిదానివైనంక గూడ కట్టుకోవాలె" అన్నాడు. దాన్ని పండుగలకే కట్టేదాన్ని.

ఆసిఫాబాద్‌లో మా ఆయన మేనత్త ఇంట్లో పెళ్లయింది. రెండిళ్లవాళ్లమూ కలిసి బయలుదేరాం. నేను తెల్లారే లేచి రొట్టెలు చేస్తున్నాను. చేతినిండా పిండి. అప్పుడే ఆమె హోల్డాల్ పట్టీ తెగింది. బొంతలు, దిండ్లు వాకిట్లో పడ్డాయి. ఆమె మా ఇంట్లోకి వచ్చి, దండెం మీద మడతపెట్టి ఉన్న నా ఆకుపచ్చ చీరను లాగింది. పెళ్లిలో కట్టుకుందామని తీసిపెట్టుకున్న చీర అది.

"అక్కా, అది ఒడిబియ్యం చీర" అన్నాను.

"ఎర్కే. గింత మొద్దు గుడ్డ మన రెండిండ్లల్ల ఇంకోటి లేదు. మూటలు కట్టనీకె మంచిగుంటది గని ఒంటికెట్ల సుట్టుకుంటవే?"

వరుసలోని ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడి ఉన్నారు. అందరూ నవ్వారు. నేను చేతులు కడుక్కుని పరిగెత్తేసరికి బొంతల చుట్టూ చీర చుట్టేసి, మోకాలు ఆనించి ముడి బిగిస్తోంది. నేను మా ఆయన వైపు చూశాను. "టైమైతుంది, రైలు పోతది" అన్నాడు ఆ మహానుభావుడు. మూట జట్కా ఎక్కింది. రైలులో ఆమె దాన్ని కింద పడేసి దానిమీద కాళ్లు పెట్టుకుని కూర్చుంది. రొట్టెలు విప్పాను. ఎల్లిపాయ వాసన ఆమెకు గిట్టదని తెలిసి, ఆమె ఎదురుగానే కూర్చుని, ఒక్కో ముక్కా నమిలి నమిలి తిన్నాను. మా బావ తన పూరీ పక్కన పెట్టి "జర ఓ రొట్టె ఇయ్యవా" అన్నాడు. ఆయనకు పెట్టాను. ఆమె అడగలేదు, నేను పెట్టలేదు.

పెళ్లికి మా బాపును కూడా పిలిచారు. ఆయన పెద్దపల్లిలో అదే రైలు ఎక్కాడని మాకు తెలియదు. ఆసిఫాబాద్ స్టేషన్లో దిగి చూస్తే ప్లాట్‌ఫారం మీద భుజాన మూటతో నవ్వుతూ వస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బొంతల మూట ఆయన కాళ్ల ముందే ఉంది. చీర మీద బొగ్గుమసి, చెప్పుల ముద్రలు.

బాపు వంగి ముట్టుకున్నాడు. తన చీరను గుర్తుపట్టాడు. ఆయన ముడి దగ్గర గుడ్డను రెండు వేళ్లతో సాగదీసి చూశాడు, కింద ఒరుసుకున్నచోట అరచేత్తో రుద్దాడు, మూటను ఒకసారి లేపి బరువు చూశాడు.

"ఒక్క పోగన్న తెగలే" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "ఎవలు కట్టిండ్రు గిది?"

"నేనే కాకా" అంది యారాలు, అటెటో చూస్తూ.

"మంచి గుడ్డ ఏరుకున్నవ్ బిడ్డా. గింత బరువు మిల్లు గుడ్డ ఆపుతదా?"

నేతగాడు తప్ప ఇంకెవరూ అలా పొరపడరు. కూతురి ఒడిబియ్యం చీర బొంతలకు కట్టి ఉంటే ఆయనకు అవమానం కనబడలేదు, నేత గట్టితనం కనబడింది. తన పనిని ఎవరో నమ్మారని సంబరపడ్డాడు. ఆయన సంబరం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ పెళ్లిలో ఆయన దారినపోయే వాళ్లందరికీ ఆ మూట కథ చెప్పాడు. వాళ్లు వెనక్కి తిరిగి నవ్వుకున్నారు. ఆయనకు అది తెలియలేదు. నాకు తెలిసింది.

ఆరోజే గట్టిగా అనుకున్నాను. ఈమె తన నోటితో మా బాపు చీర అడగాలి. నలుగురిలో అడగాలి. అది చూసేదాకా నాకు నిద్ర లేదు.

మనిషి ఎదురుచూడటం నేర్చుకుంటే ఏళ్లు తొందరగానే గడుస్తాయి. మసి వదిలేదాకా ఆ చీరను ఉతికాను. యారాలింట్లో ఏ చిన్న శుభకార్యం జరిగినా అదే కట్టుకుని పోయాను. ఊరికి పోయేటప్పుడు నా సామాను ఆమె పెట్టెలో పెట్టనివ్వలేదు, ఆమె డబ్బాలోంచి ఒక్క ముద్ద ముట్టలేదు. ఆమె వాయిల్ చీర బాగుందంటే నాకు వాయిల్ మీద విరక్తి పుట్టింది. ఆమె సేమ్యా పాయసం చేస్తే నాకు తీపే పడకుండా పోయింది. జనం దాన్ని నా రుచి అనుకున్నారు.

చివరకు ఆమె బిడ్డ పెళ్లి వచ్చింది. ఖానాపూర్‌లో, మా అత్తగారి ఇంట్లో పెట్టుకున్నారు. బిడ్డ పెళ్లిలో తల్లికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. పోయకపోతే ఆ తల్లి మొహం ఎత్తుకోలేదు. ఆమె తల్లిదండ్రులు అప్పటికి లేరు, ఒక్క తమ్ముడున్నాడు. "మా తమ్ముడు పట్టుచీర తెస్తుండు, పట్నంల కొన్నడు" అని నెల ముందునుంచే ఊరంతా చెప్పుకుంది. ఆ చీర రంగు కూడా చెప్పింది.

తమ్ముడు రాలేదు. ముందురోజు రాలేదు, పెళ్లినాడు పొద్దున బస్సుకూ రాలేదు. ఆమె పసుపు రాసుకుని పీట మీద కూర్చుంది. ఒడి ఖాళీ. మగపెళ్లివారి ఆడవాళ్లు చుట్టూ చేరి గుసగుసలు పెట్టారు. మా అత్త నెత్తి మీద చేయి పెట్టుకుని "పుట్టింటోళ్లు రాకుంటే పీట మీదికెల్లి ఎట్ల లేపుదు?" అంది. నేను గుంజకు ఆనుకుని చూస్తున్నాను. నిజం చెప్తున్నాను, నాకు చాలా హాయిగా ఉంది.

అప్పుడు, అవ్వతో కలిసి పెళ్లికొచ్చిన మా బాపు గొంతు వినబడింది. ఎక్కడికి పోయినా నాలుగు చీరలు మూటగట్టుకుని పోయే అలవాటు ఆయనది. "బియ్యం మీరియ్యుండ్రి, చీర నా దగ్గరున్నది. నేను, మా ఇంటిది కలిసి పోస్తం" అన్నాడు.

అవ్వ మూట ముందుకు జరిపింది. నేను వెళ్లి దానిమీద చేయి పెట్టాను.

"ఆగు బాపు. అక్కా, మావి మూటలు కట్టే గుడ్డలు. నీకు నడుస్తయా?"

గుసగుసలు ఆగిపోయాయి. ఆనాడు వాకిళ్లలో నవ్విన ఆడవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. ఆమె మొహం పాలిపోయింది. నేను ముడి విప్పలేదు. తొందర నాకేమీ లేదు.

"నడుస్తయి చెల్లె. ఇయ్యి."

"నన్ను కాదు. నేసినాయనను అడుగు."

ఆమె తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. "కాకా, నాకు నీ చీర వెట్టు" అంది. ఆ మాట నా చెవుల్లో పడ్డాక ముడి విప్పాను. నాలుగింటిలోకి ముతకది ఏరి, పొలంపనికి పోయేవాళ్లు కట్టుకునే ఇటుకరంగు చీర తీశాను. కట్టించింది కూడా నేనే. గంజి ఇంకా వదలలేదు, కుచ్చిళ్లు అట్టల్లా నిలబడ్డాయి. ఎండాకాలం, పందిట్లో ఉక్క. నైలాన్ చీరల నడుమ ఆమె సాయంత్రం దాకా ఆ చీరలోనే తిరిగింది. నడుము దగ్గర గోక్కున్నప్పుడల్లా నేను చూశాను. ఆరోజు పెళ్లిభోజనంలో లడ్డు కూడా తిన్నాను.

ఒక్క మనిషినే నేను లెక్కలోకి తీసుకోలేదు. మా బాపును. ఆయన ఇందులో పగ చూడలేదు. పుట్టింటి దిక్కులేని ఆడపిల్లను చూశాడు. బియ్యం దోసిలితో పోస్తూ "ఇయ్యాల్టి సంది నువ్వు గూడ నా బిడ్డవే. పుట్టిల్లు లేదనుకోకు" అన్నాడు. ఆమె ఆయన పాదాల మీద పడి ఏడ్చింది. నాటకం అనుకున్నాను.

మాలో ఒడి నింపినవాడు మాట తప్పకూడదు. ఆ తర్వాత ఒడిబియ్యానికి నన్ను పిలిచినప్పుడల్లా ఆమెనూ పిలిచాడు. ఇద్దరికీ పక్కపక్కన పీటలు వేయించాడు. ఆమెకోసం సన్ననూలు తెప్పించి, మెత్తని చీర నేశాడు. నాకు ఎప్పటి ముతకదే.

"పట్నంల పెరిగిన పిల్ల, ఒళ్లు ఒరుస్తది. నీకు గరుకుదే ఇష్టం గదా బిడ్డా" అన్నాడు.

నా ఇష్టాన్నే నా నెత్తిన కొట్టాడు. ఇక ఆగలేక స్టేషన్ సంగతి చెప్పేశాను. ఆమె నిన్ను నవ్వులపాలు చేసింది బాపు, నీ చీరను బొంతలకు కట్టి కాళ్లు పెట్టుకుంది, ఊరంతా నిన్ను చూసి నవ్వింది అన్నాను. ఆయన కండెకు నూలు చుడుతూ అంతా విన్నాడు.

"గుడ్డ ఆగింది గదా" అన్నాడు.

ఆమె మెల్లగా నూలుచీరలకు అలవాటు పడింది. మంథని బస్సెక్కి నాకు చెప్పకుండా కూడా మా పుట్టింటికి పోయి వచ్చేది. పోయేటప్పుడు బాపుకు ఇష్టమని జొన్నరొట్టెలు చేసి, గుడ్డలో కట్టుకుని పోయేదట. అవ్వ ఆ సంగతి నాకే మురిసిపోతూ చెప్పింది.

బాపు పోయిన రోజు మా ఆయన బాయి నుంచి వచ్చేదాకా ఆగి, నేను వెళ్లేసరికి ఆలస్యమైంది. ఆమె అప్పటికే చేరింది. జుట్టు విరబోసుకుని ఆయన పక్కన కూర్చుని ఉంది. అవ్వ ఆమె భుజం మీద వాలిపోయి ఉంది. యారాలు నన్ను చూసి కూడా పక్కకు జరగలేదు. కాకా అని కాదు, "బాపూ" అని ఏడుస్తోంది. దూరపు చుట్టమెవరో నన్ను పక్కకు పిలిచి "ఆయన బిడ్డ గామెనే కదా, నువ్వెవలు?" అని అడిగింది.

నాకు ఏడుపు రాలేదు. ఆమె ఏడుపులో ఎక్కడైనా అబద్ధం ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. చాలాసేపు విన్నాను. ఎక్కడా లేదు. మిగతావన్నీ ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో గాని, ఆ ఒక్కదానికి ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.