మోకాలి సాక్ష్యం

మా బావ ఒక మనిషి మోకాలు ఇనుప రాడ్డుతో పగలగొట్టాడు. ఆ దెబ్బ పడినప్పుడు నేనక్కడ లేను. అయినా ఆ చప్పుడు నాకు కంఠతా వచ్చు. ప్రతి ఆదివారం మైకులో వినేవాణ్ణి. బావ ఎడమ అరచేతిని మైకు దగ్గరికి తెచ్చి కుడి పిడికిలితో ఒక్కటి గుద్దేవాడు. స్పీకర్లు దద్దరిల్లేవి. ముందు కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ మనిషి ఎట్లా పడ్డాడో, ఎట్లా అరిచాడో, మట్టిలో నెత్తురు ఎంత దూరం పారిందో బావ వరసగా చెప్పేవాడు. అరుపు కూడా తనే అరిచి చూపించేవాడు.

బావ అంటే మా అక్క భర్త. మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో జాగాలు ఖాళీ చేయించే గుంపులో తిరిగాడు. గోడలు కూలగొట్టడం, రేకుల షెడ్లు పీకడం, అడ్డం వచ్చినవాణ్ణి కొట్టడం ఆ గుంపు పని. ఒకరోజు ఆ గుంపులోనే మాటా మాటా పెరిగి ఆయన కడుపులో కత్తి దిగింది. ఆసుపత్రిలో పేగులకు కుట్లు వేయించుకుని పడి ఉంటే, వార్డు ఊడ్చే ముసలమ్మ రోజూ మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసేదట. బూతులు తిట్టినా కదిలేది కాదట. అక్కడ మారాడు బావ. ఆ మార్పు నిజం. మళ్లీ తాగలేదు, అక్క మీద చెయ్యెత్తలేదు. ఇది ముందే చెప్పి పెడుతున్నాను. ఇకముందు రాయబోయేది చదివి అదంతా నటన అనుకుంటే తప్పవుతుంది.

మా ప్రార్థన మందిరాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి ఉంది. దేవుడు తన బతుకులో ఏం చేశాడో సంఘం ముందు నిలబడి చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్లు చెబుతారు, కొలువు దొరికినవాళ్లు చెబుతారు. వాళ్ల మధ్య బావ సాక్ష్యం సినిమాలా ఉండేది. ఒక పాస్టరు ఇంకో పాస్టరుకు చెప్పాడు, ఆయన మరొకాయనకు చెప్పాడు. చూస్తుండగానే ఆదివారం పొద్దున మచ్చ బొల్లారం, మధ్యాహ్నం మేడ్చల్ అవతల ఏదో ఊరు, సాయంత్రం పేట్ బషీరాబాదో సూరారమో అయింది. బట్టల దుకాణంలో నాకు ఆదివారం సెలవు కాబట్టి బండి నేను నడిపేవాణ్ణి. ఒక చోట చివరి ఆమెన్ అనకముందే బండి తిప్పి పెట్టుకునేవాళ్లం. ఆ పరుగునే పరిచర్య, దేవుడి సేవ అనుకున్నాం.

అక్క మాత్రం అనుకోలేదు. "నీ సాక్ష్యం ఇన్నోళ్లంత మారుతున్నరట. ఇంట్ల నేనొక్కదాన్నే పాపిని మిగిలిన" అనేది.

"ప్రభువు పని గాదే" అనేవాడు బావ, బూట్లు తొడుక్కుంటూ.

"ప్రభువు సుత ఏడో దినం గూసున్నడు. ఆయనకు లేని పని నీకేంది?"

సాక్ష్యం పెరుగుతూ వచ్చింది. మొదట్లో రాడ్డు ఒక్కటే ఉండేది. కొన్నాళ్లకు అవతలి మనిషి చేతిలోకి కర్ర వచ్చింది. ఇంకొన్నాళ్లకు ఆ కర్ర పొడుగు కత్తి, తల్వార్ అయింది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "బావా, పోయిన వారం ఆయన చేతిల కట్టెనే గదనే ఉండె?"

"మైకు పట్టుకుంటే నీకు ఎరకైతది బామ్మర్దీ. జనం కండ్లు చూస్తవు గదా. ఇంకింత గావాలె అన్నట్టే ఉంటయి."

పాస్టర్లూ అట్లాగే ఉండేవాళ్లు. "అన్నా, వాక్యం నేను జూసుకుంట. నువ్వు ఆ మోకాలు ముచ్చట మంచిగ చెప్పు" అని చెవిలో చెప్పి మైకు ఇచ్చేవాళ్లు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా మేడ్చల్ గ్రంథాలయంలోనే. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వరస పెట్టి చదివాను. నక్షత్రాలు, నదులు, రాజ్యాలు, రోగాలు. అది చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. అక్కడ మానవ శరీరం మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది, రంగు బొమ్మలతో. అందులో చూశాను: మోకాలి చిప్ప ఏ ఎముకకూ అతుక్కుని ఉండదు. కండరాల స్నాయువుల మధ్య తేలుతూ ఉంటుంది. ముక్కలైతే తీగలతో కట్టి అతికిస్తారు కానీ మునుపటిలా వంగడం కష్టం. సాక్ష్యానికి పనికొస్తుందని ఒక ఆదివారం చాయ్ దుకాణం దగ్గర ఇదంతా బావకు చెప్పాను.

బావ గ్లాసును చేతిలో తిప్పాడు. తర్వాత అడిగాడు. "అంటే, మల్ల నడుస్తడా?"

"నడుస్తడు గని కుంటుకుంట. కింద గూసునుడు కష్టం."

మిగిలిన చాయ్ మట్టిలో పారబోశాడు. "టైమైతాంది. స్టార్ట్ చెయ్" అన్నాడు.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం శామీర్‌పేట దాటి లోపలికి ఉన్న ఊళ్లో ప్రార్థన కూటం పెట్టారు. ఊరి మొదట్లో బండి ఆపమన్నాడు బావ. చుట్టూ చూశాడు. అప్పటి ఖాళీ జాగాలో ఇప్పుడు డాబాలు లేచాయి. "ఆ జాగ ఈడనే ఉండె" అని మాత్రం అన్నాడు. షామియానా కింద జనం, కరెంటు స్తంభానికి కట్టిన స్పీకర్లు. ఆ రోజు బావ ఎప్పటికన్నా గట్టిగా చెప్పాడు. లేని తల్వార్‌ను రెండుసార్లు గాలిలో తిప్పాడు. అరుపు అరిచాడు. పిడికిలి గుద్దాడు.

అప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి లేచింది. కూలి పని చేసే మనిషిలా ఉంది, తల మీద కొంగు కప్పుకుంది.

"అయ్యా, ఒక మాట. ఈ అన్న కొట్టినాయన మా ఇంటెనకనే ఉంటడు. ఆయన కాడ తల్వార్ లేకుండె. షెడ్డు ముంగట పప్పు వండుకుంటుండె పాపం."

పాస్టరు "కూసో అమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

"కూసుంట గని, ఈ అన్న ఒక్కసారన్న పొయ్యి ఆయనను చూసిండా? గది చెప్పుమను."

బావ ముఖం నల్లబడింది. మైకు కింద పెట్టి, బైబిల్ చొక్కాలో దోపుకుని, "ఇంకో మీటింగ్ ఉంది, లేటైతాంది" అని బయటికి నడిచాడు. ఆ రోజు బండి తాళాలు నా చేతిలోంచి లాక్కుని తనే నడిపాడు.

ఊరి పొలిమేర దాటలేదు. వెనక నీళ్ల క్యాన్లు వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి హారన్ కొట్టింది. బావ జరగలేదు. మళ్లీ కొట్టింది. సందు చూసుకుని దాటబోయేసరికి దాని అద్దం బావ మోచేతికి రాసుకుంది. బావ బండిని ఎగదోలి దానికి అడ్డం పెట్టాడు. దిగి, డ్రైవరు కాలర్ పట్టి బయటికి గుంజి, ముఖాన్ని ట్రాలీ ఇనుప అంచుకేసి కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. పెనుగులాటలో ఒక క్యాను కిందపడి పగిలింది. వెనక నుంచి నడుము పట్టి గుంజితే మోచేత్తో నా రొమ్ములో పొడిచాడు. ఊపిరి ఆడక కూలబడ్డాను. అక్కడి నుంచి బావ ముఖం కనిపించింది. మైకు ముందు చూపించే కోపం, ఉరిమి చూడటం ఏవీ లేవు. కట్టెలు కొట్టేవాడి ముఖంలా ఉంది. అప్పటిదాకా నేను వింటూ వచ్చిన మోకాలి దెబ్బను ఆ రోజు కళ్లారా చూశాను.

డ్రైవరు చేతులు జోడించాడు. "కొట్టకన్నా. తెల్లబట్టలు జూసి పాస్టర్ సార్ అనుకున్న. జర జరుగుమని హారన్ కొట్టిన, గంతే." తర్వాత నెత్తురు ఉమ్మి, కిందికి చూపించాడు. "అన్నా, మీ బైబిల్ నీళ్లల్ల పడ్డది."

బావ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

దగ్గర్లోని చిన్న దవాఖానకు నేనే ఆ డ్రైవర్ని తీసుకుపోయాను. బావ వెంట వచ్చి భుజం పట్టుకోబోతే అతను విదిలించాడు. "నన్ను ముట్టుకోకు. నువ్వేం మనిషివి?" కుట్లు వేస్తున్నంతసేపూ బావ గుమ్మం బయట నిలబడ్డాడు. ఫోన్ మోగింది. పేట్ బషీరాబాద్ పాస్టరు. స్పీకర్ మీద ఆయన గొంతు నాకూ వినపడింది.

"అన్నా, యాడున్నరు? పాటలైపోయినయి. జనం మీ కోసమే చూస్తున్నరు, జల్దీ రాండ్రి."

"వస్తలేనయ్యగారూ."

"ఏమైంది? మస్తు జనమున్నరన్నా!"

"ఇప్పుడే ఒకన్ని కొట్టిన" అని బావ ఫోన్ పెట్టేశాడు. డ్రైవరు కుట్ల పెదవితో తిడుతూనే వెళ్లిపోయాడు. తిట్టే హక్కు అతనికుంది.

బావ బండి ఎక్కలేదు. వచ్చిన దారినే ఊళ్లోకి నడవడం మొదలుపెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. బండి నెట్టుకుంటూ వెనక నడిచాను. పొద్దుట్నుంచి ఎంత దూరం తిరిగామో, ఆ కొద్ది దూరం అంతకన్నా ఎక్కువ అనిపించింది. నాకు గ్రంథాలయంలో చదివిన పాలస్తీనా దేశపు పటం గుర్తొచ్చింది. ఆ రాళ్ల కొండల్లో ప్రభువు అంతా నడిచే తిరిగాడు. పడవ, ఒక్కనాటి గాడిద తప్ప వేరే బండి లేదు. దారిలో ఎవరు కేకేసినా ఆగాడు. మేం అన్ని ఆదివారాల్లో దారిలో ఒక్కసారి కూడా ఎవరి కోసమూ ఆగలేదు.

కూటంలో లేచిన ఆడమనిషి ఇల్లు చూపించింది. రేకుల ఇల్లు, ముందు నాలుగైదు మేకలు. గడ్డం నెరిసిన మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒక కాలు ముందుకు బారజాపి. అది వంగదని చూడగానే తెలిసిపోయింది. చేతిలో లావుపాటి ఊతకర్ర.

"నేను..." అన్నాడు బావ.

"మాలూం. తెలుసు" అన్నాడాయన. "నీ స్పీకర్ ఈడిదాంక ఒస్తది. మొత్తం ఇన్న. నేను అరిచింది గూడ నువ్వే అరిస్తివి." కర్ర నేలకు ఆనించి లేచాడు. "నాకు తల్వార్ ఇచ్చినవ్ గదా. ఆ దినం నా చేతిల ఏముండె? బోల్."

బావ ఆయన వంగని కాలు వైపు చూశాడు.

"చెప్పు బే!"

"గంటె" అన్నాడు బావ. "పప్పు గంటె."

"ఎనక నుంచి ఒచ్చినవా, ముంగట నుంచా?"

"ఎనక నుంచి."

కర్ర లేచింది. దెబ్బ బావ మోకాలి మీద పడింది. బావ ఒరిగిపోయాడు. నేను ముందుకు ఉరికితే ఆయన కర్ర నా వైపు తిప్పాడు. "నువ్వు ఆగు." బావ కూడా చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. రెండో దెబ్బ తొడ మీద, తర్వాతవి వీపు మీద, భుజం మీద. దుమ్ము లేచింది. మేకలు తాళ్లు తెంపుకునేలా గుంజుకున్నాయి. చిటికెలో ఆ ముసలాయన్ని కింద పడేయగల మనిషి మా బావ. చెయ్యి లేపలేదు. ఆయన కొట్టి కొట్టి రొప్పుతూ కుర్చీలో పడ్డాడు.

"మాఫీ అడగకు. నా కాడ లేదు" అన్నాడు. "ఇగ పో."

"మల్ల వస్త."

"ఎందుకు? ఇంకో కాలుందనా?"

బావ లేచి కుంటుతూ రోడ్డు వైపు నడిచాడు.

మళ్లీ ఆదివారం వెళ్లాడు. ఈసారి బస్సులో, ఒక్కడే, పొద్దున మా మందిరంలో ఆరాధన అయ్యాక. ఆయన పలకలేదు. ఆ తర్వాత వారం కూడా పలకలేదు. వేప కొమ్మలు అందక మేకలు అరుస్తుంటే బావ పొడుగు కర్రకు కొడవలి కట్టి రెండు కొమ్మలు కోసి వేశాడు. ఆయన వద్దనలేదు, ఔననలేదు. అప్పటి నుంచి బావ ఆదివారాలన్నీ అటే. కూటాలు పోయాయి. రోజుకు మూడు మందిరాలకు వెళ్లినవాడు ఒక్క గుమ్మానికి మిగిలాడు.

పాస్టర్లకు ఇది మింగుడుపడలేదు. ఒకాయన ఇంటికే వచ్చాడు. "దేవుడిచ్చిన నోరన్నా అది. మేకలు మేపనీకెనా? ఎంతమంది మారుతుండె నీ వల్ల!"

"నేను చెప్పింది అబద్ధం అయ్యగారూ. నిజం చెప్తే ఒక్క మాటల అయిపోతది. వండుకుంటున్న మనిషిని ఎనక నుంచి కొట్టిన."

"అయితే గదే చెప్పు."

బావ ఆలోచించాడు. "అడిగి చెప్త" అన్నాడు.

వానలు మొదలైన ఆదివారం నన్నూ వెంట రమ్మన్నాడు. ఆయన అదే కుర్చీలో ఉన్నాడు. బావ నిలబడే అడిగాడు. తల్వార్ లేకుండా, అరుపు లేకుండా, ఉన్నది ఉన్నట్టు మందిరంలో చెప్పుకోవచ్చునా అని.

ఆయన తన కాలును రెండు చేతులతో సర్దుకున్నాడు.

"నక్కో. వద్దు" అన్నాడు. "ఇది నా కాలు. నొచ్చేది నాకు. నీ నోట్లె దీనికేం పని?"

బావ ముఖంలో ఏదో కూలినట్టయింది. ఏదో వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు.

"సరే" అన్నాడు.

ఆయన కర్రతో రోడ్డు వైపు చూపించాడు. "ఆ నల్లది చూడు, తాడిప్పుకుని లారీల దిక్కు పోతాంది. మళ్లేస్కరా పో." బావ ఉరకబోతే వెనక నుంచి కేకేశాడు. "పరుగు పెట్టకు. బెదురుతది."

బావ నడిచాడు. వాన చినుకుల్లో, మేక ఆగినప్పుడు ఆగుతూ, అది కదిలినప్పుడు కదులుతూ.