వంగిన వెన్ను

రిషికేశ్‌లో వీధికి నలుగురు యోగా గురూజీలు. వాళ్ళలో చక్రధర్ సేమ్వాల్‌కి వెన్ను మాస్టారని పేరు. నలభై మంది కూర్చున్న హాల్లో ఏ మూల ఎవరి నడుం వాలినా ఆయన కంటపడేది. "వెన్ను!" అనేవాడు. అంతే, పది మంది ఒక్కసారిగా సర్దుకునేవాళ్ళు.

"ఒళ్ళొకచోట, మనసొకచోట ఉంటే రోగం. రెండూ కలిసి కూర్చుంటే యోగం," అని ముప్పై ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు. ఉత్త మాటలేం కావు. నడుం పట్టేసి మంచమెక్కిన కూరగాయల కమలేశ్ మళ్ళీ బండి తోస్తున్నాడు. కంటిమీద కునుకు లేక వచ్చిన జర్మనీ ఆవిడ నెల తిరక్కుండా గురక పెట్టింది. పక్కగది వాళ్ళు ఫిర్యాదు కూడా చేశారు.

కట్టుకున్నదానికి మాత్రం నేర్పలేదు. సతేశ్వరి చిన్నప్పటి నుంచీ కొండ మీద గడ్డీ కట్టెలూ మోసిన మనిషి. "నేను వంగి లేస్తే ఇంటిపని, మీ తెల్లవాళ్ళు వంగి లేస్తే యోగమా?" అని ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేసేవాడు.

పోయిన వానాకాలంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. చలి మొదలయ్యేసరికి ఆయాసం. నాలుగు మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేది.

"ఆసుపత్రికి పోదామా అండీ?"

"ఊపిరి సంగతి నాకంటే వాళ్ళకెక్కువ తెలుసా?" అన్నాడు మహానుభావుడు.

మర్నాటి నుంచి తెల్లారగానే డాబా మీద చాప పరిచాడు. ఇన్నేళ్ళకు భార్య శిష్యురాలైంది. కూర్చోగానే ఆమె చేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగిపోయేది.

"వెన్ను! అలా ముడుచుకుంటే గాలి ఎట్లా పోతుంది లోపలికి?"

ఆమె నిటారుగా లేచేది. పెదాలు నల్లబడేవి. ఆయన అంకెలు లెక్కపెడుతుంటే నాలుగు దాకా వదలగలిగిన ఊపిరి నెల తిరిగేసరికి మూడుకు దిగింది.

"నీకు శ్రద్ధ లేదు," అని విసుక్కున్నాడు.

"శ్రద్ధ ఉందండీ. గాలే లేదు."

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఆమె చాప మీదే పడిపోయాక గాని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసింది. "నలభై ఏళ్ళ కట్టెపొయ్యి పొగ ఇది. పాడైన ఊపిరితిత్తులు బాగుకావు. మిగిలినదాన్ని కాపాడుకోవాలంతే." తర్వాత సతేశ్వరి వైపు తిరిగింది. "అమ్మా, ఎందుకలా బిగుసుకుని కూర్చున్నారు? చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకు వంగండి. ఈ జబ్బుకు అలా ఉంటేనే కాస్త గాలి అందుతుంది. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలండి. నిటారుగా కూర్చోమని మీకెవరు చెప్పారు?"

చక్రధర్ నోరు తెరిచాడు.

"ఎవరూ చెప్పలేదు డాక్టరమ్మా. నాకే అలవాటు," అంది సతేశ్వరి.

ఆయన తల వంచుకున్నాడు. ఒళ్ళు చెప్పేది వినండని ఊరందరికీ చెప్పిన మనిషి. ఆమె ఒళ్ళు తనంతట తాను వెతుక్కున్న ఒక్క ఆసనాన్ని రోజూ పొద్దున్నే చెడగొట్టాడు. భార్య తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు.

మర్నాడు క్లాసు ముగించుకుని వచ్చేసరికి ఆమె మంచం మీద, ఒళ్ళో దిండుకు మోచేతులు ఆనించి, ముందుకు వంగి, కళ్ళు మూసుకుని ఉంది. ఊపిరి చిన్నగా, తీరిగ్గా ఆడుతోంది. ఆయన గుమ్మంలో ఆగాడు. చెప్పుల చప్పుడుకు ఆమె కళ్ళు తెరిచింది. మొగుణ్ణి చూసి చటుక్కున నిటారుగా కూర్చుంది.

"వద్దు సతేశ్వరీ, వంగు. నీకు దణ్ణం పెడతాను, వంగి కూర్చో."

"అలాగేలెండి," అని వంగింది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ నిటారుగా ఉంది. తనకు తెలియకుండానే. ఆ సాయంత్రమంతా ఆయన బతిమాలుతూనే ఉన్నాడు, ఆమె వంగుతూ లేస్తూనే ఉంది, పెదాలు నల్లబడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు చక్రధర్ క్లాసు అయ్యాక నేరుగా ఇంట్లోకి పోడు. చెప్పులు వీధిలోనే విడిచి, వెనక కిటికీ కింద చప్పుడు లేకుండా కూర్చుంటాడు. తను లోపలికి వెళ్ళనంతసేపూ ఆమెకు ఊపిరి ఆడుతుంది.