కుడి చక్రం, ఎడమ సీటు

ఆ రోజుల్లో కారున్న ఇల్లంటే వీధికి గౌరవం, ఇంట్లోవాళ్ళకు భయం. ఇప్పుడు మధురవాడలో మా అపార్టుమెంటు కింద నిలబెట్టిన కార్లలో ఏది ఎవరిదో నాకు తెలియదు. వాటికి జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించి చూస్తారట. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న కాలంలో, అక్కయ్యపాలెంలో మా వీధి మొత్తానికి ఒక్కటే కారు ఉండేది, అది మా బావది. మీగడ రంగు, సెకండ్ హ్యాండు. బావ శ్రీకాకుళం వైపు రైతుల బిడ్డ. ఫ్యాక్టరీ కట్టేచోట స్టోర్సులో పని చేసేవాడు. ఊళ్ళో ఎద్దుల్ని ఎలా చూసుకున్నాడో కారునూ అలాగే చూసుకునేవాడు. పొద్దున్నే బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరేవాడు, సాయంత్రం కడిగి తుడిచి, ఒకసారి తట్టి గాని లోపలికి వచ్చేవాడు కాదు.

నేను అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఓడరేవులో క్రేన్లు మరమ్మతు చేసే విభాగంలో కొత్తగా చేరాను. అక్కడ ప్రతి క్రేనుకూ ఒక లాగ్‌బుక్కు ఉండేది. ఎంత బరువు ఎత్తింది, ఏ శబ్దం చేసింది, ఏ వైపు నుంచి చేసింది, అన్నీ గళ్ళు గీసి రాయాలి. డైరీ రాసే అలవాటు నాకు హైస్కూలు నుంచీ ఉంది. ఉద్యోగం వచ్చాక అది రెండయింది. పనికి సంబంధించినవి నల్ల అట్ట పుస్తకంలో, ఇంటి సంగతులు ఎర్ర అట్ట పుస్తకంలో. ఒకదానిలోది ఇంకొకదానిలోకి పోనిచ్చేవాణ్ణి కాదు. (దీన్ని క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. అక్క మాత్రం వేరే మాట అనేది.)

ఒక సోమవారం ఉదయం కారు ముందు చక్రం దగ్గర నుంచి ఒక శబ్దం మొదలైంది. సన్నగా, పిల్లి గొంతులో గుర్రుమన్నట్టు. నెమ్మదిగా వెళితే వినపడీ వినపడకుండా, వేగం పెరిగేకొద్దీ గట్టిగా. మామూలు రోజుల్లో అయితే బావ అంతగా పట్టించుకునేవాడు కాదేమో. కాని అక్కకు ఎనిమిదో నెల. మూడు వారాలకోసారి ఆమెను చూపించుకొచ్చే ఆస్పత్రి ఏటవాలు రోడ్డు ఎక్కితే గాని రాదు. దిగేటప్పుడు చక్రానికి ఏమైనా అయితే అన్న మాట ఎవరూ పైకి అనలేదు గాని ఇంట్లో అందరికీ వినపడుతూనే ఉంది. బావ నన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు.

"ఏటి ఇంజినీరూ, దీన్లో మీ అక్కని తీసుకెల్లొచ్చా, ఒద్దా? నువ్వెలా సెప్తే అలాగే సేత్తాను."

నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. అంతవరకూ అంత పెద్ద ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వెంటనే నల్ల అట్ట పుస్తకంలో కారుకు కూడా ఒక లాగ్‌బుక్కు తెరిచాను. రెండు వారాల పాటు రోజూ సాయంత్రం బావ నడిపేవాడు, నేను పక్కన ఎడమ సీట్లో కూర్చుని, తల కిటికీలోంచి బయటికి పెట్టి, పుస్తకం మోకాలి మీద ఆనించి రాసేవాణ్ణి. వేగం ఎంత, మలుపు ఎటు, బ్రేకు వేశామా లేదా, గాలి ఎటు వీస్తోంది. (గాలి గడి క్రేన్ల పుస్తకం నుంచి వచ్చింది. తీసెయ్యడానికి మనసొప్పలేదు.) శబ్దం వచ్చిన వైపు అనే వరుసలో పైనుంచి కిందిదాకా ఒకటే మాట, ఎడమ. మూడో రోజో నాలుగో రోజో బావ నసుగుతూ, తనకైతే ఇటేపు, కుడివైపు వినబడతన్నాదని చెప్పాడు. స్టీరింగు పట్టుకున్న మనిషి దృష్టి నాలుగు వైపులా ఉంటుందనీ, అలాంటి చెవిని సాక్ష్యంగా తీసుకోకూడదనీ నేను ఓపిగ్గా వివరించాను. ఆయన తలూపాడు. చదువుకున్నవాడి ముందు తలూపడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. అది ఒప్పుకోవడమని నేను అనుకోవడం నా అలవాటు.

ఎడమ చక్రం బేరింగు పోయిందని తేల్చి ఆటోనగర్ తీసుకెళ్ళాం. అక్కడ ఒక మేస్త్రి ఉండేవాడు, అందరూ చెవుల మేస్త్రి అనేవారు. స్క్రూడ్రైవరు కొన ఇనుముకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆయన చెప్పింది తప్పయిందని ఎవరూ అనగా వినలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని వస్తుంటే నేను నా పట్టిక ఆయన చేతికిచ్చాను. ఆయన చేతులు తుడుచుకుని, పుస్తకాన్ని అంచులతో పట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివాడు. చదివి స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంత రాసుకొచ్చేసేక ఇంక నాను ఇనేదేటుంది బాబూ," అన్నాడు.

అది పొగడ్తనుకుని నేను పొంగిపోయాను. ఎడమ బేరింగు కొత్తది వేశారు. తిరిగి వస్తుంటే గాజువాక దాటకముందే శబ్దం మళ్ళీ మొదలైంది. పుస్తకంలో "కొంత తగ్గినట్టు ఉంది" అని రాశాను. నా డైరీలన్నిటిలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. ఇంటి ముందు కారాపాక బావ అది చదివి, పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు.

ఆ వారం అక్క రిక్షాలో ఆస్పత్రికి వెళ్ళింది. ఏటవాలు మొదలయ్యే చోట రిక్షావాడు దిగి లాగుతూ ఆయాసపడుతుంటే చూడలేక అక్క కూడా దిగిపోయింది. నడుముకు చెయ్యి ఆనించుకుని ఆవిడ ఆ ఎండలో ఎత్తు ఎక్కుతుంటే, వెనక బావ గొడుగు పట్టాడు, ఆయన వెనక నేను.

మర్నాడు ఆదివారం. అక్క కానాగంత చేపలు తినాలని ఉందంటే బావా నేనూ కారులో జాలరిపేట వెళ్ళాం. చేపలు కొని తిరిగి వస్తుంటే రోడ్డు పక్క ఒక ముసలాయన కాళ్ళు చాపుకుని వల కుట్టుకుంటున్నాడు. మేము నెమ్మదిగా ఆయన్ని దాటుతుంటే తలెత్తకుండానే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"మీ సక్రంలో తాడు సుట్టుకున్నాది బాబూ. ఇంజిను బోటు పంకాకి వల తగులుకుంటే ఇదే సప్పుడు," అన్నాడు. లేచి వచ్చి, వంగి చూసి, తిన్నగా కుడి చక్రం దగ్గర కూర్చున్నాడు. బావ జాకీ పెట్టి చక్రాన్ని వెనక్కి తిప్పుతుంటే, ఆయన లోపల్నుంచి వేలాడుతున్న కొన పట్టుకుని లాగాడు. నీలం రంగు నైలాను దారం, రెండు బారలు వచ్చింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి, తన వల అంచుకు ఆనించి చూసుకున్నాడు.

"ఇది మా వలదే. దీని మీంచి బండి పోనిచ్చింది మీరేనేటి? అప్పట్నుంచీ కుడతన్నాను దీన్ని."

బావ నా వైపు చూశాడు. నేను చేపల వైపు చూశాను. ముసలాయన దారాన్ని మోచేతికి చుట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ వల ముందు కూర్చున్నాడు. పని మిగిలి ఉంది కదా.

ఇంటికి వచ్చి ఎర్ర అట్ట పుస్తకం తీశాను. శబ్దం మొదలైన సోమవారానికి ముందు రోజు, ఆదివారం, నా దస్తూరీతోనే ఉంది: "జాలరిపేటలో చేపలు కొన్నాం. రోడ్డు మీద వలలు ఆరబెట్టారు. తీసేదాకా ఆగుదామని బావ అన్నాడు. ఆలస్యమవుతుందని నేనే పోనిమ్మన్నాను." రెండు పుస్తకాలూ ఆ మూడు వారాలూ ఒకే అలమారలో, ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. క్రేను ఎక్కడికీ వెళ్ళదు, రేవులోనే తిరుగుతుంది. అందుకే దాని లాగ్‌బుక్కులో ఎక్కడికి వెళ్ళొచ్చావని అడిగే గడి లేదు. కారుకు గీసిన పట్టికలోనూ నాకు ఆ గడి తోచలేదు.

మూడు వారాల తర్వాత అక్కకు నొప్పులొస్తే ఆ కారే ఏటవాలు ఎక్కింది, చప్పుడు లేకుండా. మా మేనకోడలు ఆ మధ్యాహ్నమే పుట్టింది. ఆ రోజు నుంచీ నాకు ఒకటే డైరీ.

బావ పోయి నాలుగేళ్ళయింది. మొన్న అలమారా సర్దుతుంటే ఆ నల్ల అట్ట పుస్తకం దొరికింది. పట్టిక వెలిసిపోయింది గాని ఎడమ, ఎడమ, ఎడమ అని వరుసంతా ఇంకా తెలుస్తోంది. స్కేలు తెచ్చుకుని, చివర కాస్త ఖాళీ ఉంటే అక్కడ ఇంకో నిలువు గీత గీశాను. పైన "బావకు వినిపించిన వైపు" అని రాసి, కింద ప్రతి గడిలోనూ కుడి అని నింపాను. స్కేలు జారి గీత కాస్త వంకరపోయింది. బావ ఉంటే "ఇప్పుడా ఇంజినీరూ" అని, ఆ వంకర గీత చూసి కూడా తలూపేవాడు.