బచేలిలో నా ఆది తాళం

పోయిన నెల ఈ హిందీ మాట్లాడే గనుల ఊళ్ళో, మా బచేలి కమ్యూనిటీ సెంటర్లో కచేరీ మధ్యలో ఆగిపోయింది. కరెంటు పోయి కాదు, మైకు చెడి కాదు. నా కుడిచెయ్యి వల్ల! చెబుతా, ముందు టీ మింగేసి వినండి, పొలమారుతుంది.

మా ఆవిడ పద్మకి సంగీతం బాగా వచ్చు. క్వార్టర్స్ పిల్లలకి నేర్పడానికి సెంటర్లో ఒక గది ఇమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఇవ్వాల్సింది సెంటర్ సెక్రటరీ, మా బాసు తివారీగారు. ఆ రోజు విజయవాడ వాళ్ళ వయొలిన్ కచేరీ, దాని తర్వాత ఆఫ్రికా డోళ్ళు. నన్ను చూడగానే తివారీగారు, "అరే రావ్‌జీ, ఆప్ తో సౌత్‌వాలే హై! ఇధర్ బైఠియే, సమ్‌ఝాతే రహియే" అని, కచేరీ తనకి వివరిస్తూ ఉండమని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నాకేం తెలీదు సార్" అనాలా వద్దా? అన్లేదు! ఈయన్ని మెప్పిస్తే గది వచ్చేస్తుందని ఆశ. ఇటుపక్క కూర్చున్న పద్మ గొణిగింది: "మీరు నోరు మూసుకుని కూర్చోండి, చాలు."

నోరు మూసుకున్నాను. చెయ్యి సంగతి తను చెప్పలేదుగా!

పద్మని చూసి పట్టేసిన ఆది తాళం ఒకటుంది నా దగ్గర. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొదటి కీర్తనకి దంచాను. అదృష్టం, అతికింది! తివారీగారు నా చెయ్యి చూసి తనూ మొదలెట్టారు. బాసు వేస్తే స్టాఫ్ ఊరుకుంటారా? వెనక మూడు వరసలూ అందుకున్నాయి. "క్యా బాత్ హై రావ్‌జీ!" అన్నారాయన. ఇక నేను నేల మీద లేను.

రెండో కీర్తన. నాది అదే తాళం! మృదంగం ఆయన నా వైపే చూస్తున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకా గట్టిగా వేశాను. ఆయన వాయించడం ఆపేసి దణ్ణం పెట్టారు.

"అయ్యా, ఇది ఏడు లెక్క. మీరు ఎనిమిది వేస్తున్నారు. హాలు హాలంతా మీ వైపే ఉంది, నేనొక్కణ్ణే ఇటు!"

తల కొట్టేసినట్టయింది. గది గోవిందా అనుకున్నాను. పద్మ నా కుడిచెయ్యి లాక్కుని తన రెండు చేతుల మధ్య బిగించేసింది. వయొలిన్ అయిపోయి డోళ్ళు మొదలైనా వదల్లేదు. ఆఫ్రికా డోలాయన "ఎవ్రీబడీ క్లాప్!" అని అరిచాడు. హాలంతా చప్పట్లు. నా చేతికి మాత్రం బెయిల్ రాలేదు. ఈ వయసులో కూడా మేం చెయ్యి వదలట్లేదని వెనకనుంచి మిసెస్ తివారీ మురిసిపోతోంది: "దేఖియే, ఇస్ ఉమర్ మే భీ హాథ్ నహీ ఛోడ్‌తే!"

బయటికొచ్చాక తివారీగారు నా మొహం చూడకుండా పద్మతో అన్నారు: "మేడమ్, కమరా కల్ సే ఆప్‌కా. పహలే ఇన్‌కో సిఖాయియే. ఔర్... ముఝే భీ." గది రేపట్నుంచే తనదట, కానీ ముందు నాకు నేర్పాలట, ఆయనకి కూడా!

ఇప్పుడు పిల్లల వెనక ఆయనా నేనూ చాప మీద కూర్చుంటున్నాం. తివారీగారు జంట వరసల్లోకి వెళ్ళిపోయారు. నేనింకా మొదటి సరళి దగ్గరే. నిన్న పద్మ అందరి ముందూ అంది: "ఏవండీ, మీకు తెలీకపోతే సార్ చెయ్యి చూసి వెయ్యండి!"