పిలిచినా తిరగరాదు

అండాలు చేతి నీళ్లు ఆ ఊళ్లో ఎవరూ తాగేవారు కాదు. దంతాలపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊరికి ధైర్యం తక్కువ, నోరు ఎక్కువ. పిల్లకు జ్వరమొచ్చినా, బర్రె పాలివ్వకపోయినా అండాలు తల్లే మంత్రం పెట్టిందనేవారు. ఒకనాడు ఊరి పెద్ద పోశాలు నలుగురిని వెంటేసుకొచ్చి, ఇక మంత్రం పలకకుండా ఆమె ముందుపళ్లు పటకారుతో పీకించాడు. ఏం మగతనమో! ఆ పుండుతోనే ఆమె పోయింది.

నిజం చెప్పాలంటే, ఆ తల్లీకూతుళ్లకు ఏదో శక్తి ఉన్న మాట వాస్తవమే. చిన్నప్పుడు అండాలు ఆటకని కోళ్ల చుట్టూ బియ్యం చల్లి గీత గీసింది. నక్క వచ్చి గీత దగ్గరే ఆగిపోయింది. బయట చిక్కిన ఒక కోడిపిల్ల లోపలికి రాలేక, కియ్యోమంటూ దాని నోట పడింది. తల్లి ఆమెను దగ్గరికి తీసుకుంది.

"కట్టు ఏస్తే బయటున్నది బయటనే బిడ్డా. తెల్లారేదాక ఏసినోళ్లు గూడ ఇప్పలేరు."

ఆ కోడిపిల్ల అరుపు చెవుల్లోంచి పోలేదు. మళ్లీ ఆ పని చేయనని అండాలు ఒట్టు పెట్టుకుంది.

నలభై ఎనిమిది ఎండాకాలంలో ఉప్పలయ్య వచ్చాడు. నిజాంకూ దొరలకూ ఎదురు తిరిగిన సంఘానికి కబుర్లు మోసేవాడు. ఎండన పడి వచ్చి, ఆమె ఇంటి ముందు నిలబడి నీళ్లడిగాడు.

"నేనెవరో ఎర్కేనా?" అంది అండాలు.

"ఎర్కే. గడీల దొరకే భయపడుడు మానేసిన. నీ కడవకు భయపడాల్నా? పొయ్యి జర."

ముంతెడు నీళ్లు గటగటా తాగి, ఇంకో ముంత అడిగాడు. అండాలు లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఏ దారిన పోయినా అతని కాళ్లు ఆ గడప ముందే ఆగేవి. ఆమె కలిపిన జొన్న గట్క తిని వేళ్లు నాకేవాడు. ఈ లొల్లి సల్లబడితే నిన్నే చేసుకుంటానన్నాడు.

"మంత్రాలదాన్ని చేసుకుంటవా?"

"మా అవ్వ నోటి ముంగట నీ మంత్రాలేం పారయ్ తియ్!"

అండాలు పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లోంచి నవ్వు వినిపించడం ఊరికి అదే మొదలు.

సంఘపోళ్ల కోసం వెతుకుతూ నిజాం రజాకార్లు పక్కూరిని తగలబెట్టిన మర్నాడు పోశాలు వచ్చి, తలరుమాలు తీసి ఆమె గడప ముందు పెట్టాడు.

"తప్పయింది బిడ్డా. నా మొకం జూడకు, పిల్లల మొకం జూడు. ఊరికి కట్టు ఎయ్యి."

"ఉప్పలయ్య బయట ఉన్నడు. ఆయన వచ్చినంక ఏస్త."

పొద్దు వాలేలోగా వస్తానని వెళ్లాడతను. పొద్దు వాలింది గాని మనిషి రాలేదు. వెలుతురుండగానే గీత మొదలూ చివరా కలవాలి. పడమట లారీల దుమ్ము లేచింది. తల్లులు పసివాళ్లను చంకనేసుకుని ఏడుస్తూ నిలబడ్డారు. ఇక ఆగలేక అండాలు పసుపు కుంకుమ కలిపిన అన్నం చేటలో పోసుకుని పొలిమేర పట్టింది. అదే పొలి. అది చల్లేవాళ్లు వెనక్కి తిరిగి చూడరాదు. వెనక నుంచి పేరు పెట్టి పిలిచేది మనిషి కాదనీ, కట్టు చెడగొట్టే దయ్యమనీ ఊరి నమ్మకం. ఆమె కాళ్లీడ్చుకుంటూ నడిచింది. అయినా గీత కలిసే చోటు రానే వచ్చింది.

"అండాలూ! జరాగు!"

వెనక నుంచి పిలుపు. అచ్చం అతని గొంతే.

"తిరగకు బిడ్డా, గది వాడు గాదు!" అని పక్కనున్న పోశాలు అరిచాడు.

చిన్నప్పటి నుంచీ విన్న మాట ఆమె మెడను తిరగనివ్వలేదు. చివరి పిడికిలి జారవిడిచి, అప్పుడు తిరిగింది.

ఉప్పలయ్యే. గీతకు అవతల రొప్పుతూ నిలబడ్డాడు. చెయ్యి చాస్తే గాలిలోనే ఆగిపోయింది. అండాలు కాలితో పొలి చెరిపింది, గోళ్లతో మట్టి పెళ్లగించింది.

"ఇడుస్తలేదు ఉప్పలయ్యా, నేనే ఏసిన, ఇడుస్తలేదు!"

అతను బిత్తరపోయి చూసి, నవ్వబోయాడు. "నువ్వేసిందేనా? గట్టిగనే ఏసినవ్ పో. దూప అయితుందే అండాలూ, నీ దగ్గర నీళ్లు తాగుదామని ఉరికొచ్చిన."

"తుమ్మల్లకు ఉరుకు!" అని ఆమె గుండెలు బాదుకుంది.

ఉరికాడు. తుమ్మచెట్ల దాకా చేరలేదు. తుపాకులు పేలాయి.

లారీలు గీత దాటలేక తిరిగిపోయాయి. ఊరు బతికింది. ముట్టుకునే వీలు కూడా లేక, అండాలు తెల్లవారేదాకా గీతకు ఇవతలే కూర్చుని ఏడ్చింది.

అతన్ని మట్టి చేసి వచ్చాక, పోశాలు ఆమె గడప ముందు దోసిలి పట్టాడు. వెనక ఊరంతా నిలబడింది.

"జర నీళ్లు పొయ్యి తల్లీ."

పోసింది. బతికినన్నాళ్లూ అడిగినవాళ్లకు కాదనకుండా పోసింది. పొలి చేట మాత్రం మళ్లీ పట్టలేదు. దారిన పోతూ పోతూ, ఎవరూ పిలవకపోయినా, ఆగి వెనక్కి తిరిగి చూసేది.