బాబిన్ నిండేలోపు

ఆ కుట్టు గదిలో ఆవిడను అందరూ 'ఆమెన్ అక్క' అంటారు. వెక్కిరింపుకు పెట్టిన పేరే అది, ఆవిడ మాత్రం బిరుదులా మోసుకు తిరుగుతుంది. మిగతావాళ్లు పొద్దున్నే నాలుగైదు బాబిన్లకు, అంటే మిషను అడుగున పెట్టే చిన్న కండెలకు, దారం చుట్టి పక్కన పెట్టుకుంటారు. ఆవిడ ఒక్కటే చుట్టుకుంటుంది. దారం అయిపోగానే కుట్టు ఆపి, మళ్లీ చుడుతూ ఎవరో ఒకరి కోసం ప్రార్థిస్తుంది. బాబిన్ నిండగానే పైకే 'ఆమెన్' అని పెడల్ తొక్కుతుంది. వంట, అత్తగారి మందులు, పిల్లల బడి, ఇన్నింటి మధ్య తీరిగ్గా మోకాళ్లూనే వేళ ఆవిడకెక్కడిది? అందుకే దేవుడికి కుట్టుమిషను పక్కనే చోటిచ్చింది.

ఆ గదిని నడిపేది ఆవిడా, తోడికోడలూ. తోడికోడలికి నోరు జోరు, చెయ్యి అంతకన్నా జోరు. ఆమె భర్త పని ఊడి ఇంట్లో కూర్చున్నాడు. పాపం, సంసారమంతా ఈ కుట్టు మీదే ఈదుకొస్తోంది. సరిగ్గా అప్పుడే, కొత్తగా తెరుస్తున్న ఆసుపత్రి నుంచి నర్సుల కోట్ల ఆర్డరు వచ్చింది. శనివారం సాయంత్రానికి అందిస్తే ఇకపై ఆసుపత్రి కుట్టుపనంతా వాళ్లదే. అందకపోతే వేరేవాళ్లది.

వారం మధ్యలో ఒక పొద్దున తోడికోడలు దారం చుట్టిన బాబిన్లు డబ్బా నిండా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఈ నాలుగు రోజులూ ఓర్చుకుని దేవుడితో ఆదివారం మాట్లాడుకోమంది. ఆ కళ్లలో భయం చూసి ఆమెన్ అక్క కాదనలేకపోయింది. ఆ రోజంతా మిషను ఆగలేదు, టీ గ్లాసు ముట్టకుండానే చల్లారిపోయింది.

సాయంత్రం గుండీలు కుట్టే ఆవిడ సంచీ తగిలించుకుంటూ దగ్గరికొచ్చింది. "మా ఆయన ఆపరేషన్ బాగానే అయిందంటక్కా. నువ్వు తలుచుకున్నావుగా?"

ఆమెన్ అక్క పెడల్ మీంచి కాలు తీసేసింది. తలుచుకుంటానని ముందురోజే మాటిచ్చింది. "లేదమ్మా. మర్చిపోయాను," అంది.

గుండీల ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. మాటిచ్చిన మనిషినే కాదు, పొద్దుటినుంచి దేవుణ్ణి కూడా ఒక్కసారి పలకరించలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమెన్ అక్క సిగ్గుతో అక్కడే కూర్చుని ఏడ్చింది.

మర్నాడు అందరికన్నా ముందే వచ్చి తలుపు తీసింది. తోడికోడలు రాగానే డబ్బా ఆమె చేతిలో పెట్టేసింది. తోడికోడలు ఇంతెత్తున లేచింది. "ఆర్డర్ పోతే మా ఇల్లు గడిచేదెట్లా అక్కా?"

"పోనివ్వను. పొద్దున్నే వస్తాను, కబుర్లు మానేస్తాను, అన్నం ఇక్కడే తింటాను. అంతేగానీ, పనయ్యాక కబురుపెట్టే చుట్టంలా దేవుణ్ణి చూడలేను చెల్లీ."

అన్నట్టే చేసింది. బాబిన్ అయిపోయి మిషను ఆగిన ప్రతిసారీ తోడికోడలు కొరకొరా చూసింది. ఆమెన్ అక్క ఆ చూపునూ భరించింది, కోట్లనూ గుట్టగా పేర్చింది.

శనివారం పొద్దు వాలుతోంది. ఆసుపత్రి వ్యాను వాకిట్లో హారన్ మోగిస్తోంది. ఆఖరి కోటుకు కాలరు ఒక్కటే మిగిలింది. అప్పుడే బాబిన్ అయిపోయింది. చుడదామని ఆవిడ దారం రీలు అందుకోబోయింది. తోడికోడలు చటుక్కున బాబిన్ లాక్కుని తనే చుట్టడం మొదలుపెట్టింది.

"ఇది ఎవరి కోసం అక్కా?"

"మీ ఆయన కోసం. డబ్బా పెట్టిన రోజు తప్ప, రోజూ నా మొదటి బాబిన్ ఆయనదే."

బాబిన్ నిండేదాకా తోడికోడలి పెదాలు కదులుతూనే ఉన్నాయి. గదిలో వాళ్లంతా ఆమెన్ అక్క వైపు చూశారు. ఆవిడ కావాలనే ఆ మాట తోడికోడలికి వదిలేసింది. హారన్ మళ్లీ మోగింది. దాన్ని మించిన గొంతుతో, కళ్లనీళ్లతో, తోడికోడలే అంది.

"ఆమెన్."

పెడల్ కదిలింది. చీకటి పడకముందే కోట్లన్నీ వ్యానెక్కాయి. ఇప్పుడు ఆసుపత్రి కుట్టుపనంతా వాళ్లదే. ఆ గదికెళ్లి ఆమెన్ అక్క కావాలని అడిగితే మాత్రం, "ఇద్దరున్నారు, ఏ ఆమెన్ అక్క?" అని ఎదురడుగుతున్నారు.